రౌండ్లా, బరువులా, జంపులా: బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళ మూడు గంటల లెక్క

కాలేజీలోనో క్లబ్బులోనో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు, బంతి ముట్టుకోకుండా చేసే కసరత్తు కోసం వారానికి మహా అయితే మూడు గంటలు మిగులుతాయి. మిగతాదంతా క్లాసులూ ప్రయాణాలూ కోర్టు ప్రాక్టీసూ తినేస్తాయి. ఆ మూడు గంటల కోసం మాత్రం లాగులాట గట్టిగానే ఉంటుంది. పీఈటీ సార్ గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టమంటారు. జిమ్ములో ట్రైనర్ ఛాతీ, చేతులు పెంచమంటాడు. ఫోన్లో కనిపించే అమెరికా కుర్రాడు బల్లల మీదికి ఎగరమంటాడు. ఇంట్లో అమ్మ ఇంకాసేపు పడుకోమంటుంది. వీళ్ళందరిలోకీ సరైన మాట అమ్మదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మిగతా ముగ్గురి మాట ఎంతెంత వినాలన్నదే ఇక్కడ లెక్క. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తే మీకు సులువు: నేను బరువుల పక్షం. పొద్దున్నే మున్సిపల్ గ్రౌండులో పిల్లల చేత కసరత్తు చేయిస్తూ చూసినంతలో, దమ్ము చాలక వెనకబడేవాళ్ళకన్నా కాళ్ళలో బలం చాలక వెనకబడేవాళ్ళే ఎక్కువ. బలం లేనివాడు ప్రతి పరుగుకీ, ప్రతి ఎగురుకీ తన శక్తిలో ఎక్కువ వాటా ఖర్చుపెడతాడు. మూడో క్వార్టర్‌కి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వంగి నిలబడతాడు. చూసేవాళ్ళు "వీడికి స్టామినా లేదు, రౌండ్లు కొట్టించండి" అంటారు.

ఆట అడిగేది ఏమిటి

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా కొలతల్లో కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. పది నిమిషాల క్వార్టర్లు నాలుగు. బంతి చేతికొచ్చాక 24 సెకన్లలో షాట్ వేయాలి. ఈ రింగు కింది నుంచి ఆ రింగు కిందికి ఎంత జోరుగా పరిగెత్తినా నాలుగైదు సెకన్ల పని. చేరాక ఠక్కున ఆగాలి, పక్కకు జరగాలి, మీద పడుతున్నవాణ్ణి కాచుకుని నిలబడాలి, ఎగరాలి, దిగాలి, మళ్ళీ వెనక్కి పరిగెత్తాలి. మ్యాచంతా కలిపితే కొన్ని కిలోమీటర్లు అవుతుంది గానీ, ఒకే వేగంతో నిమిషం పాటు పరిగెత్తే సందర్భం ఒక్కటీ రాదు.

కాబట్టి అడిగేవి రెండు. ఒకటి, రెండు మూడు సెకన్ల పాటు ఒంట్లో ఉన్నదంతా బయట పెట్టగలగడం. రెండు, అర నిమిషం గడవకముందే అదే పని మళ్ళీ చేయగలగడం. మొదటిదానికి కావాల్సింది బలం. రెండోదానికి ఆక్సిజన్ కావాలి, ఎందుకంటే ఆ రెండు మూడు సెకన్ల పనికి కండరంలో నిల్వ ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే తక్షణ ఇంధనం ఖర్చవుతుంది. అది సగం నిండడానికి దాదాపు అర నిమిషం పడుతుంది, పూర్తిగా నిండడానికి కొన్ని నిమిషాలు కావాలి. ఆ నింపే పని ఆక్సిజన్‌తోనే జరుగుతుంది. అందుకే పీఈటీ సార్‌ని పూర్తిగా కొట్టిపారేయలేం. ఆయన చెప్పే విషయం నిజమే, చేయించే పద్ధతి దగ్గరే పేచీ.

దమ్ము కోసం: రౌండ్లు, లైన్ పరుగులు, చిన్న ఆటలు

400 మీటర్ల ట్రాకు మీద పది రౌండ్లంటే నాలుగు కిలోమీటర్లు. మామూలు కుర్రాడికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. ఖర్చు లేదు, ఎవరూ నేర్పక్కర్లేదు. సెలవుల తర్వాత ఒళ్ళు బరువెక్కి వచ్చినవాడికి మొదటి మూడు నాలుగు వారాలు వారానికి రెండుసార్లు ఇది మంచిదే. ఆ తర్వాత కూడా అదే పట్టుకుని వేలాడితే వచ్చే లాభం తక్కువ. ఒకే వేగం, ఒకే దిశ. ఆగడం లేదు, తిరగడం లేదు. పైగా అరిగిపోయిన బూట్లతో తారు రోడ్డు మీద పరిగెత్తి ముంగాలి ఎముక నొప్పి తెచ్చుకున్నవాళ్ళు ప్రతి సీజన్లో ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. 90 కిలోలు దాటిన సెంటర్‌కి, అంటే రింగు దగ్గర ఆడే భారీ ఆటగాడికైతే, రౌండ్లు వద్దే వద్దు. సైకిల్ తొక్కించండి.

రెండోది మన కోచ్‌లందరికీ ఇష్టమైన లైన్ పరుగు, పిల్లల భాషలో సూసైడ్స్. బేస్‌లైన్ నుంచి దగ్గరి ఫ్రీ త్రో గీతకి, వెనక్కి. సగం కోర్టుకి, వెనక్కి. అవతలి ఫ్రీ త్రో గీతకి, వెనక్కి. చివరికి అవతలి బేస్‌లైన్‌కి, వెనక్కి. ఫ్రీ త్రో గీత బేస్‌లైన్‌కి 5.8 మీటర్ల దూరం కాబట్టి మొత్తం లెక్క కడితే సరిగ్గా 140 మీటర్లు. ఆగడం, తిరగడం ఉన్నాయి కనుక ఆటకు రౌండ్ల కన్నా ఇది దగ్గర. కానీ దీన్ని చేయించే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఓడిపోయారని శిక్షగా పది, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేకుండా. మూడోదానికల్లా పరుగు జాగింగైపోతుంది, గీత దగ్గర కాలు ఎలా పడుతోందో ఎవరూ చూడరు. అరనిమిషం పరుగెత్తిస్తే నిమిషంన్నర ఆగనివ్వండి. అలా ఐదారు చాలు. జోరు తగ్గిందంటే ఆ రోజుకి ఆపేయడమే.

ఒంటరిగా చేసుకునేవాళ్ళకు నేను ఎక్కువగా చెప్పేది 15-15. పదిహేను సెకన్లు జోరుగా పరుగు, పదిహేను సెకన్లు నిలబడడం, ఇలా ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు. మూడు నిమిషాలు ఆగి ఇంకోసారి. మొత్తం ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. నాలుగు కిలోమీటర్ల రౌండ్లకు పట్టే సమయమే, కానీ ఆటకు పనికొచ్చే వాటా చాలా ఎక్కువ.

నలుగురు దొరికితే మాత్రం వీటన్నిటినీ పక్కనపెట్టి ఫుల్ కోర్టులో ఇద్దరిద్దరు ఆడండి. నాలుగు నిమిషాల ఆట, రెండున్నర నిమిషాల విరామం, ఇలా నాలుగుసార్లు. ఫ్రీ త్రోలు ఉండవు, బంతి బయటికి పోతే గీత దగ్గర నిలబడ్డవాడు వెంటనే ఇంకో బంతి అందిస్తాడు. నలుగురే ఉంటారు కాబట్టి దాక్కునే చోటుండదు. ఐదుగురి ఆటలో రింగు కింద నిలబడి కాలక్షేపం చేసే పొడుగువాడు కూడా ఇక్కడ పరిగెత్తక తప్పదు. అలసినప్పుడు పాస్ ఎటు వేయాలో ఆలోచించే అలవాటు కూడా ఇందులోనే వస్తుంది, అది ఏ రౌండ్లలోనూ రాదు. లోటు ఒక్కటే: బద్ధకస్తుడు తన జోరు తనే తగ్గించుకోగలడు. కోచ్ గట్టిగా అరిచే రకమైతే ఆ లోటూ ఉండదు.

వేసవి క్యాంపుల గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో తొమ్మిదింటికే సిమెంటు కోర్టు పెనంలా కాలుతుంది. ఎండకు ఒళ్ళు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, కాబట్టి క్యాంపు మొదటి వారంలోనే దమ్ము పరీక్షలు పెట్టడం తెలివితక్కువ పని. ప్రాక్టీసుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. 70 కిలోలవాడు కిలోన్నర దిగాడంటే నీళ్ళు చాలలేదనే అర్థం, ఆట అప్పటికే దెబ్బతినడం మొదలై ఉంటుంది. ఉప్పు వేసిన మజ్జిగ ఎదురుగా ఉండగా రంగు నీళ్ళ సీసాలకు డబ్బు తగలేయక్కర్లేదు.

బలం కోసం: ఇక్కడే ఎక్కువ తప్పులు

2007లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్ళను వరసగా ఎంచుకునే కార్యక్రమానికి, ముందు జరిగిన పరీక్షల్లో కెవిన్ డ్యురాంట్ 185 పౌండ్ల బార్‌ని, అంటే 84 కిలోల్ని, బెంచ్ ప్రెస్‌లో, అంటే బెంచీ మీద వెల్లకిలా పడుకుని పైకి తోసే కసరత్తులో, ఒక్కసారి కూడా లేపలేకపోయాడు. నవ్వినవాళ్ళు నవ్వారు. ఆ ఏడాది అతణ్ణి రెండో స్థానంలో ఎంచుకున్నారు, 2014లో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. దీనికి పక్కన అదే లీగ్‌లో ఆడిన స్టెఫెన్ కర్రీని పెట్టి చూడండి. చీలమండ పదేపదే బెణికి 2011లోనూ 2012లోనూ ఆపరేషన్లు అయ్యాయి. ఆ తర్వాత అతని శిక్షకులు భారమంతా చీలమండ మీద పడకుండా తుంటి, తొడ వెనక కండరాల మీదికి మళ్ళించే పని పెట్టుకున్నారు. కొన్నేళ్ళకు ట్రాప్ బార్ డెడ్‌లిఫ్ట్‌లో, అంటే చట్రంలాంటి బార్ మధ్యలో నిలబడి నేల మీంచి ఎత్తే కసరత్తులో, 400 పౌండ్లు, దాదాపు 181 కిలోలు, లేపే స్థాయికి వచ్చాడు. తన ఒంటి బరువుకి రెట్టింపు పైమాటే. జట్టులో అతనికన్నా ఎక్కువ ఎత్తేవాడు ఒక్కడే, అతనేమో భారీ సెంటర్.

ఛాతీ బలం కన్నా కాళ్ళ బలమే ఆటను నిలబెడుతుందని ఇద్దరి కథలతోనే సిద్ధాంతం చేయకూడదు, నిజమే. కానీ మన జిమ్ముల్లో సోమవారం పొద్దున బెంచ్ దగ్గర క్యూ, బరువుతో కూర్చుని లేచే స్క్వాట్ స్టాండ్ దగ్గర ఎవడో తువ్వాలు ఆరేసుకున్న దృశ్యం చూసినప్పుడల్లా నాకు ఈ ఇద్దరే గుర్తొస్తారు.

పద్ధతుల్ని పోల్చితే ముందు వచ్చేది ఒంటి బరువుతో చేసేవి. తాలింఖానాల కాలం నుంచి మనకు దండీలు, బస్కీలు ఉన్నాయి. పదమూడేళ్ళ లోపు పిల్లలకూ, ఎవరికైనా మొదటి ఆరు వారాలకూ అవి చాలు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఒకడు ఆపకుండా వంద బస్కీలు తీయగలిగాక ఇక పెరిగేది ఓర్పే, బలం కాదు. అక్కడి నుంచి లెక్క పెంచడం మానేసి కష్టం పెంచాలి: రెండు కాళ్ళ మీద చేసేది ఒంటికాలి మీద చేయడం, వీపున పుస్తకాల బ్యాగో ఇసుక సంచో వేసుకోవడం. జిమ్ లేని ఊళ్ళో ఉన్నవాళ్ళు తప్పక నేర్చుకోవాల్సింది నార్డిక్. మోకాళ్ళ మీద నిటారుగా నిలబడి, వెనక ఒకరు చీలమండలు నొక్కి పట్టుకుంటే, నడుము వంచకుండా మెల్లగా ముందుకి వాలడం. తొడ వెనక కండరానికి దీనంత చవకైన మందు లేదు. మొదటిసారి మూడు సార్లకు మించి చేయకండి, మర్నాడు మెట్లు దిగలేరు.

తర్వాత మిషన్లు. లెగ్ ప్రెస్ చెడ్డదేమీ కాదు. నడుం నొప్పితో ఉన్నప్పుడు, సీజన్ మధ్యలో ఒళ్ళు పులిసిపోయినప్పుడు పనికొస్తుంది. కానీ వీపు ఆనించుకుని తోసే బలానికి, కోర్టులో ఎవడో గుద్దుతుండగా నిలదొక్కుకోవడం తెలియదు. మూడొంతులు విడి బరువుల మీదే, అంటే బార్, డంబెల్స్ మీదే, పెట్టండి.

విడి బరువుల్లో ఏ స్క్వాట్ అన్నది అసలు ప్రశ్న. వీపు మీద బార్ పెట్టుకునే బ్యాక్ స్క్వాట్‌లో అన్నిటికన్నా ఎక్కువ బరువు లేపొచ్చు. అయితే తొడలు పొడుగ్గా ఉన్నవాళ్ళు కిందికి దిగేసరికి నడుము ముందుకి పడిపోతుంది, బాస్కెట్‌బాల్‌లో ఎక్కువమంది అలాంటివాళ్ళే. పైగా బార్ జారితే ఆపడానికి అడ్డకడ్డీలున్న స్టాండ్ చిన్న ఊళ్ళ జిమ్ముల్లో అరుదు. ఛాతీ దగ్గర డంబెల్ పట్టుకుని చేసే గాబ్లెట్ స్క్వాట్‌లో నడుము నిటారుగా ఉంటుంది, నేర్చుకునేవాళ్ళకు అదే మంచిది, కానీ కొన్ని నెలల్లోనే జిమ్ములో డంబెల్స్ అయిపోతాయి. ట్రాప్ బార్ ఉంటే రెండో ఆలోచన లేకుండా దాన్ని పట్టుకోండి, కాకపోతే మన దగ్గర అది దొరికే జిమ్ములు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నా ఓటు బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్‌కి. వెనక పాదం బెంచీ మీద, రెండు చేతుల్లో డంబెల్స్, ముందు కాలి మీద దిగి లేవడం. ఈ ఆటలో ఆగడం, తిరగడం, లేఅప్‌కి (రింగు దగ్గరికి పరిగెత్తి వేసే షాట్‌కి) ఎగరడం చాలావరకు ఒంటికాలి పనులే. నడుముకి భారం తక్కువ. లేవలేకపోతే డంబెల్స్ కింద వదిలేస్తే సరిపోతుంది, ఎవరూ వచ్చి కాపాడక్కర్లేదు. కుడి ఎడమల తేడా మొదటి రోజే బయటపడుతుంది. దీని మీద పెద్ద ఫిర్యాదు ఒక్కటే, చేసేటప్పుడు ఏడుపొస్తుంది.

నేను రాసిచ్చే చీటీ ఇది: బల్గేరియన్ కాలికి ఆరు నుంచి ఎనిమిది చొప్పున మూడు సెట్లు, డంబెల్స్‌తో రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (తుంటి వెనక్కి నెట్టి, వీపు నిటారుగా ఉంచి వంగి లేవడం) ఎనిమిది చొప్పున మూడు, పుల్-అప్స్ ఎన్ని వస్తే అన్ని మూడుసార్లు, దండీలో డంబెల్ ప్రెస్సో మూడు, చివర్లో పిక్కలకు మడమలెత్తడం పన్నెండు చొప్పున మూడు సెట్లు. వారానికి రెండు రోజులు, యాభై నిమిషాల చొప్పున. ప్రతి సెట్టూ ఇంకో రెండు చేయగలం అనిపించినప్పుడు ఆపండి. పెద్ద సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలు ఆగాలి. అన్నీ సుఖంగా వచ్చిన వారం మాత్రమే బరువు ఒక మెట్టు పెంచాలి.

"బరువులెత్తితే పిల్లాడు పొట్టిగా ఉండిపోతాడట కదండీ?" ప్రతి క్యాంపులోనూ ఏదో ఒక తల్లి అడుగుతుంది. ఉండిపోడమ్మా. చూసుకునేవాళ్ళుండి పద్ధతిగా చేస్తే ఎదుగుదల ఆగుతుందని చూపిన ఆధారమేదీ లేదు. ఒక్కసారి ఎగిరి దిగినప్పుడు మోకాలి మీద పడే భారం, మనం పిల్లలకిచ్చే డంబెల్ కన్నా ఎన్నో రెట్లు. భయపడాల్సింది ఎవరూ చూడకుండా, పక్కవాడితో పందెం వేసుకుని ఎత్తే బరువుకి.

జిమ్ ట్రైనర్‌ని పరీక్షించడానికి నా దగ్గర ఒక ప్రశ్న ఉంది. "మా వాడు బాస్కెట్‌బాల్ ఆడతాడు, ఒంటికాలి మీద ఏం చేయిస్తారు?" అని అడగండి. ఆయన కాసేపు ఆలోచించినా ఫర్వాలేదు. "ముందు సిక్స్ ప్యాక్ చేద్దాం" అంటే ఇంకో జిమ్ చూసుకోండి.

ఎగరడానికి: ఏది ముందు

రింగు ఎత్తు 3.05 మీటర్లు. నిలబడి చేయి పైకెత్తితే 238 సెంటీమీటర్లు అందేవాడికి రింగు ఇంకా 67 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ఆ 67 కోసం పిల్లలు పడే తాపత్రయం మీద ఇంటర్నెట్‌లో పెద్ద వ్యాపారమే నడుస్తోంది. డబ్బిచ్చే ముందు ఒక సుద్దముక్క కొనుక్కోండి. వేళ్ళకు రాసుకుని గోడ పక్కన నిలబడి అందినంత ఎత్తులో ఒక గుర్తు, ఎగిరి ఇంకో గుర్తు. మధ్య దూరమే మీ జంప్. మూడు వారాలకోసారి చూసుకోండి, రోజూ కాదు.

జంప్ పెంచడానికి దారులు మూడు. మొదటిది బరువులే. బలహీనంగా ఉన్నవాడికి, అంటే ఒంటి బరువుతో సమానమైన బార్‌తో కూడా స్క్వాట్ చేయలేనివాడికి, జంప్ కసరత్తులు వేరే అక్కర్లేదు, బలం పెరుగుతుంటే ఎగురు దానంతటదే పెరుగుతుంది. రెండోది ప్లయోమెట్రిక్స్, దిగీదిగగానే ఎగరడం. 1960లలో సోవియట్ శిక్షకుడు యూరీ వెర్ఖోషాన్‌స్కీ పద్ధతిగా తయారుచేసిన డెప్త్ జంప్ దీనికి పరాకాష్ట: బల్ల మీంచి కిందికి అడుగు వేసి, నేల తాకగానే పైకి లేవడం. దాన్ని ఆయన బలం అప్పటికే ఉన్న క్రీడాకారుల కోసం పెట్టాడు. ఫోన్లో చూసి పద్నాలుగేళ్ళ పిల్లలు మీటరు ఎత్తు గోడ మీంచి దూకడం ఆ పద్ధతి కాదు.

ఇక్కడ మన కోర్టుల సంగతి చెప్పాలి. అమెరికా వీడియోల్లో చెక్క నేల. మనకు ఎక్కువచోట్ల సిమెంటు. కొత్తవాళ్ళకు ఒక పూటకి 80 నుంచి 100 సార్లు నేల తాకడం పరిమితి అని శిక్షణ పుస్తకాలు చెబుతాయి. సిమెంటు మీదైతే నేను అందులో సగమే చేయిస్తాను, మిగతా సగం గడ్డి మీదో ఎర్రమట్టి మీదో. ప్రాక్టీసులో లేఅప్‌లకీ, తప్పిన షాట్ బంతిని అందుకునే రీబౌండ్‌లకీ ఎగిరినవి కూడా లెక్కలో వేసుకోవాలి, ఎవరూ వేయరు. మోకాలి చిప్ప కింద వేలు పెట్టి నొక్కితే నొప్పి పుడుతోందంటే జంపులు తగ్గించి బరువుల వైపు రండి. ఆ స్నాయువుకి పూర్తి విశ్రాంతి కన్నా మెల్లగా మోసే భారమే మేలు చేస్తుంది. ఎదిగే వయసు పిల్లల్లో మోకాలి కింద ఎముక బొడిపెలా లేచి నొప్పి పెడితే మాత్రం డాక్టర్‌కి చూపించాకే ఏదైనా.

మూడో దారి వెయిట్‌లిఫ్టింగ్ వాళ్ళ క్లీన్, స్నాచ్: బార్‌ని నేల మీంచి ఒక్క ఊపున భుజాల దాకా ఎత్తితే క్లీన్, తల మీదికి ఎత్తితే స్నాచ్. వేగంగా బలం చూపడానికి ఇవి బ్రహ్మాండమైనవి. నేర్చుకోవడానికి నెలలు పడతాయి, నేర్పేవాడు లేకపోతే నడుము పోతుంది. ఊరూరా ఇవి వద్దనే చెబుతాను గానీ ఉత్తరాంధ్ర వాళ్ళకు మాత్రం నా సలహా వేరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లేశ్వరిది శ్రీకాకుళం జిల్లా. విజయనగరం పక్కన కొండవెలగాడ అనే ఊరికి లిఫ్టర్ల ఊరనే పేరుంది. అటువైపు ఉండి, దగ్గర్లో వెయిట్‌లిఫ్టింగ్ కోచ్ ఉంటే, వెళ్ళి ఖాళీ బార్‌తో క్లీన్ నేర్పమని అడగండి. మిగతావాళ్ళు రెండు చేతుల్లో తేలికపాటి డంబెల్స్ పట్టుకుని ఎగిరినా, బరువైన మెడిసిన్ బాల్ వెనక్కి విసిరినా లాభంలో చాలావరకు దక్కుతుంది.

ముందు బలం, ఆ మీద తక్కువ లెక్కలో మంచి జంపులు. ఈ వరస తిప్పేసి నష్టపోయినవాళ్ళను చూశాను, నేనూ అందులో ఒకణ్ణి. ఇరవయ్యేళ్ళప్పుడు రోజుకి రెండొందల జంపులు చేసి, మూడు నెలల్లో నాలుగు సెంటీమీటర్లు, రెండు మోకాళ్ళ నొప్పీ సంపాదించాను.

చీలమండ: బూటా, బ్రేసా, కసరత్తా

ఈ ఆటలో ఎక్కువగా దెబ్బతినేది చీలమండే. పక్కవాడి పాదం మీద దిగడంతో పని అయిపోతుంది. దీనికి జనం ముందు చేసే పని పన్నెండు వేలు పెట్టి ఎత్తు బూట్లు కొనడం. ఎత్తు బూట్లు బెణుకులు ఆపుతాయన్నదానికి గట్టి ఆధారం లేదు. తాళ్ళు బిగించే చీలమండ బ్రేస్‌కి ఉంది. అమెరికాలో హైస్కూల్ ఆటగాళ్ళ మీద చేసిన పెద్ద పరిశీలనలో బ్రేస్ వేసుకున్నవాళ్ళకు చీలమండ గాయాలు బాగా తగ్గాయి. ఒకసారి బెణికినవాళ్ళు తప్పకుండా వేసుకోవాలి. దానితో పాటు రోజూ పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడడం, వారం తిరిగాక కళ్ళు మూసుకుని. ఇది ఉచితం.

అమ్మాయిల విషయంలో ఇంకో జాగ్రత్త. మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ అనే కట్టు తెగడం అబ్బాయిల్లో కన్నా అమ్మాయిల్లో ఎక్కువ, చాలాసార్లు ఎవరూ తగలకుండానే, దిగేటప్పుడో తిరిగేటప్పుడో. దిగినప్పుడు మోకాళ్ళు లోపలికి ముడుచుకుంటున్నాయేమో ఫోన్లో ఎదుటి నుంచి వీడియో తీసి చూడండి. ముడుచుకుంటుంటే ప్రాక్టీసుకి ముందు వామప్‌లో పదిహేను నిమిషాలు దిగడం నేర్చుకోవడానికే పెట్టండి. ఆ పదిహేను నిమిషాలు ఏ డ్రిల్‌ని తగ్గించి తెచ్చుకున్నా సరే.

అమ్మ మాట

2011లో అచ్చైన ఒక పరిశీలన కోసం స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టులో పదకొండు మంది చేత కొన్ని వారాల పాటు రోజూ పది గంటలు మంచం మీద ఉండేలా చూశారు. ఫ్రీ త్రోలు 9 శాతం, మూడు పాయింట్ల షాట్లు 9.2 శాతం మెరుగుపడ్డాయి, కోర్టు పరుగు కూడా వేగం పుంజుకుంది. చిన్న పరిశీలనే, పోల్చి చూడడానికి రెండో జట్టు కూడా లేదు. అయినా తెల్లవారుజామున స్టడీ అవర్‌కి లేపి, రాత్రి పదకొండు దాకా చదివించి, మధ్యలో ప్రాక్టీసుకి పంపే మన ఇంటర్ హాస్టళ్ళు గుర్తొచ్చి ఇది చదివినప్పుడు బాధేసింది. ఆరు గంటలు కూడా నిద్రపోని పిల్లాడికి మూడు గంటల కసరత్తు వద్దు. రెండు గంటలు చేయించి, మూడో గంట పడుకోనివ్వండి.

తిండి గురించి క్లుప్తంగా. ఒంటి బరువు కిలోకి దాదాపు 1.6 గ్రాముల ప్రోటీన్ గురి పెట్టుకోండి. గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. గుడ్లు, పాలు, పెరుగు, పప్పు, చికెన్‌తో లెక్క చేరుతుంది. శాకాహారులకు కొంచెం కష్టం, వాళ్ళకు పాల నుంచి తీసే ప్రోటీన్ పొడి, వే పౌడర్, ఉపయోగమే. జిమ్ కౌంటర్ మీద లేబుల్ సరిగా లేని డబ్బాలు మాత్రం ముట్టకండి. రాష్ట్రం తరఫున ఆడేవాడు అందులో కలిసిన నిషేధిత మందుతో దొరికితే, తెలియదన్నా ఎవరూ వినరు.

ఎవరికి ఏది

ఇంటర్ చదువుతూ కాలేజీ జట్టులో ఉన్న సన్నటి కుర్రాడికి: మూడు గంటల్లో రెండు బరువులకి, అరగంట తక్కువ లెక్క జంపులకి, అరగంట ఇద్దరిద్దరి ఆటకి. రౌండ్లు సున్నా. బలం వచ్చేదాకా, అంటే నాలుగైదు నెలలు, జంప్ ప్రోగ్రాములేవీ డౌన్‌లోడ్ చేయొద్దు.

ఇప్పటికే బాగా బరువులెత్తే, కానీ కోర్టులో రాయిలా కదిలే ఇరవై ఏళ్ళవాడికి తిరగేయాలి. బరువులు వారానికి ఒక్కసారికి దించి, మిగతాది జంపులకీ చిన్న పరుగులకీ ఇవ్వండి. వీడికి ఇంకో పది కిలోల స్క్వాట్ వల్ల ఆటలో ఒరిగేదేమీ లేదు.

టోర్నమెంట్లు వరసగా ఉన్న నెలల్లో ఎవరైనా సరే కొత్తవేవీ మొదలుపెట్టొద్దు. దమ్ముకి మ్యాచులే చాలు. బరువులు వారానికి ఒకసారైనా, సెట్లు సగానికి తగ్గించి, బరువు తగ్గించకుండా. పూర్తిగా మానేస్తే నెల తిరిగేలోపే బలం జారడం మొదలవుతుంది, ఫైనల్ ఎప్పుడూ నెలాఖరులోనే ఉంటుంది.

ఇక గచ్చిబౌలిలోనో డల్లస్‌లోనో వారమంతా కుర్చీలో కూర్చుని, ఆదివారం పొద్దున రెండు గంటలు ఆడే ముప్ఫై అయిదేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మీ శత్రువు దమ్ము కాదు, మడమ వెనకుండే అకిలెస్ స్నాయువు. ముప్ఫై, నలభైల్లో ఉండి అప్పుడప్పుడూ ఆడే మగవాళ్ళలోనే అది ఎక్కువగా తెగుతుంది, వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఉందంటారు. మీకు మూడు గంటలు దొరకవని తెలుసు. ఆఫీసులో మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, రెండు మడమలూ పైకెత్తి, ఒంటికాలి మీద మెల్లగా మెట్టు కిందికి దించండి. కాలికి పదిహేను, మూడుసార్లు, వారంలో నాలుగు రోజులు. ఆరు వారాలు ఇది చేశాకే ఆదివారం ఆటలో ఫుల్ స్పీడుకి వెళ్ళండి. అప్పటిదాకా మీవాళ్ళకు జోన్ డిఫెన్స్, అంటే ఆటగాడి వెంట పరిగెత్తకుండా ఎవరి చోటు వాళ్ళు కాయడం, అలవాటు చేయండి.